జన్యు పరివర్తిత అక్వేరియం చేపలు: కాంతి, వారసత్వం, జీవభద్రత

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
- అక్వేరియంలో మెరిసే చేపకు ఆ రంగు ఎలా వచ్చిందో వివరించగలుగుతారు.
- ప్రతిదీప్తికీ జీవసందీప్తికీ గల తేడాను చెప్పగలుగుతారు.
- చొప్పించిన జన్యువు తరతరాలకు ఎలా సంక్రమిస్తుందో లెక్క కట్టగలుగుతారు.
- ఒకే చేప వేర్వేరు దేశాలలో వేర్వేరు స్థాయి ప్రమాదాన్ని ఎందుకు కలిగిస్తుందో విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

జన్యు పరివర్తిత జీవి అనగానే మీకు బీటీ పత్తి గుర్తుకు రావచ్చు. అది పొలంలో పెరిగే మొక్క. అదే సాంకేతికతతో తయారై, అలంకారం కోసం గాజుతొట్టెలో పెంచుకునే జంతువు కూడా ఒకటుంది. 'గ్లోఫిష్' అనే వ్యాపార నామంతో 2003 చివరలో అమెరికా మార్కెట్లోకి వచ్చిన ఎరుపు రంగు జీబ్రా చేప అది. అంతకు కొద్ది నెలల ముందే తైవాన్‌లో మెరిసే మెడాకా చేపలు అమ్మకానికి వచ్చాయి. ప్రయోగశాల దాటి మామూలు ఇంటికి చేరిన తొలి జన్యు పరివర్తిత జంతువులు ఈ చేపలే.

ఈ చేపలపై రెండు రకాల అభిప్రాయాలు వినిపిస్తాయి. అందమైన చేపే కదా, భయమెందుకని కొందరంటారు. జన్యువులు మార్చిన ప్రాణి ఏదైనా ప్రమాదమేనని మరికొందరంటారు. ఈ రెండు మాటలూ ఒక ముఖ్యమైన ప్రశ్నను వదిలేస్తున్నాయి. చేప తొట్టె దాటి బయటపడితే ఏ నీటిలో పడుతుంది? ఆ నీటిలో దానికి చుట్టాలెవరు, శత్రువులెవరు? ఈ పాఠం ప్రధానంగా ఆ ప్రశ్న గురించే. అయితే ముందు చేపకు వెలుగు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుందాం.

2. వెలుగు మూలం: జెల్లీ చేపలోని ప్రోటీన్

ఉత్తర అమెరికా పడమటి తీరంలో 'ఎక్వోరియా విక్టోరియా' అనే జెల్లీ చేప ఉంటుంది. దాన్ని కదిలిస్తే గొడుగు అంచున పచ్చని వెలుగు కనిపిస్తుంది. జపాన్ శాస్త్రవేత్త ఒసాము షిమోమురా 1961 వేసవిలో అమెరికాలోని ఫ్రైడే హార్బర్ వద్ద వేల సంఖ్యలో ఈ జెల్లీ చేపలను సేకరించి, ఆ వెలుగుకు కారణమైన పదార్థం కోసం వెతికారు. ఆయనకు రెండు ప్రోటీన్లు దొరికాయి. మొదటిది ఎక్వోరిన్. ఇది కాల్షియంతో కలిసినప్పుడు నీలి కాంతిని పుట్టిస్తుంది. రెండవది హరిత ప్రతిదీప్తి ప్రోటీన్. ఇది సొంతంగా కాంతిని పుట్టించదు. ఎక్వోరిన్ నుంచి వచ్చిన శక్తిని గ్రహించి పచ్చని కాంతిగా విడుదల చేస్తుంది.

ఈ రెండవ ప్రోటీన్‌లో 238 అమైనో ఆమ్లాలు ఉంటాయి. దాని జన్యువును 1992లో డగ్లస్ ప్రాషర్ వేరుచేశారు. 1994లో మార్టిన్ చాల్ఫీ బృందం ఆ జన్యువును బాక్టీరియాలోనూ, ఒక సూక్ష్మ గుండ్రటి పురుగులోనూ పనిచేయించి చూపింది. రోజర్ సియెన్ ఆ ప్రోటీన్‌ను మార్చి మరింత ప్రకాశవంతమైన రూపాలను, కొత్త రంగులను తయారుచేశారు. షిమోమురా, చాల్ఫీ, సియెన్‌లకు 2008లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. 1999లో రష్యన్ శాస్త్రవేత్తలు పగడాలకు దగ్గరి బంధువైన ఒక సముద్రజీవి నుంచి ఎరుపు ప్రతిదీప్తి ప్రోటీన్‌ను గుర్తించడంతో ఎరుపు రంగు కూడా చేతికి వచ్చింది.

ఇక్కడ రెండు పదాల మధ్య తేడాను మీరు స్పష్టంగా గుర్తుంచుకోవాలి. జీవి తన శరీరంలో జరిగే రసాయన చర్య ద్వారా కాంతిని పుట్టిస్తే అది జీవసందీప్తి. మిణుగురు పురుగు దీనికి మీకు తెలిసిన ఉదాహరణ. బయటి నుంచి పడిన కాంతిని గ్రహించి, దానికంటే ఎక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతిగా తిరిగి వెలువరిస్తే అది ప్రతిదీప్తి. హరిత ప్రోటీన్ అతినీలలోహిత కాంతిని లేదా నీలి కాంతిని గ్రహించి, సుమారు 509 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పచ్చని కాంతిని వెలువరిస్తుంది.

అక్వేరియం చేపలోకి ప్రతిదీప్తి ప్రోటీన్ జన్యువును మాత్రమే పంపారు, ఎక్వోరిన్ జన్యువును పంపలేదు. అందువల్ల గదిలో దీపాలన్నీ ఆర్పేస్తే ఈ చేప కూడా చీకట్లో కలిసిపోతుంది. నీలి దీపం వెలిగించినప్పుడే నిప్పుకణంలా మెరుస్తుంది. మామూలు వెలుతురులో కూడా దాని రంగు కంటికి కనిపిస్తుంది కానీ అంత మెరుపు ఉండదు.

3. జీబ్రా చేపనే ఎందుకు ఎంచుకున్నారు?

జీబ్రా చేప శాస్త్రీయ నామం డానియో రెరియో. మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవు, ఒంటిపై నీలి చారలు గల చిన్న చేప ఇది. దీని పుట్టిల్లు మన ఉపఖండమే. గంగా, బ్రహ్మపుత్ర పరీవాహక ప్రాంతాలలోని మెల్లగా పారే వాగులు, నీటి గుంటలు, వరి పొలాల పక్క కాలువలు దీని సహజ నివాసాలు. భారత్‌తో పాటు నేపాల్, బంగ్లాదేశ్‌లలో కూడా కనిపిస్తుంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా నది చేపలపై 1822లో వెలువరించిన గ్రంథంలో దీన్ని మొదటిసారి శాస్త్రీయంగా వర్ణించారు.

ప్రయోగశాలలకు ఈ చేప నచ్చడానికి కారణాలున్నాయి. ఆడచేప ఒక్కసారికి వందకు పైగా గుడ్లు పెట్టగలదు. ఫలదీకరణం తల్లి శరీరం బయట, నీటిలోనే జరుగుతుంది. పిండం పారదర్శకంగా ఉండటం వల్ల అవయవాలు ఏర్పడటాన్ని సూక్ష్మదర్శినితో నేరుగా చూడవచ్చు. రెండు మూడు రోజులలో గుడ్డు నుంచి పిల్ల బయటికి వస్తుంది. మూడు నెలలకు అది పెద్దదై గుడ్లు పెట్టడానికి సిద్ధమవుతుంది. మానవ జన్యువులలో సుమారు 70 శాతానికి ఈ చేపలో సమానమైన జన్యువులున్నాయని 2013లో ప్రచురితమైన దాని జీనోమ్ అధ్యయనం తెలిపింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ వంటి సంస్థలు కూడా జీబ్రా చేపలను పరిశోధనలో ఉపయోగిస్తున్నాయి.

4. తయారీ విధానం

సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో జియువాన్ గాంగ్ బృందం 1999 ప్రాంతంలో ఈ పని మొదలుపెట్టింది. అప్పటి ఉద్దేశం అలంకారం కాదు. నీటిలో కాలుష్య పదార్థాలు ఉంటే మెరిసి హెచ్చరించే చేపను తయారుచేయడం. ఎల్లవేళలా మెరిసే చేప ఆ దారిలో ఒక మెట్టు మాత్రమే. అయితే దుకాణానికి చేరింది ఆ మెట్టే. టెక్సాస్‌కు చెందిన యార్క్‌టౌన్ టెక్నాలజీస్ అనే సంస్థ హక్కులు తీసుకుని మార్కెట్లోకి తెచ్చింది.

తయారీలోని దశలను వరుసగా చూద్దాం.

మొదటి దశ: జన్యు నిర్మాణం. ప్రోటీన్ జన్యువు ఒక్కటే ఉంటే సరిపోదు. ఆ జన్యువు ఏ కణాలలో, ఎంత మోతాదులో పనిచేయాలో నిర్ణయించే డీఎన్ఏ భాగం కూడా కావాలి. దీన్ని ప్రమోటర్ అంటారు. దీపానికి స్విచ్ ఎలాంటిదో జన్యువుకు ప్రమోటర్ అలాంటిది. గాంగ్ బృందం జీబ్రా చేప కండరాలలో బలంగా పనిచేసే మయోసిన్ జన్యువు ప్రమోటర్‌ను తీసుకుని ప్రతిదీప్తి జన్యువుకు జోడించింది. కండరం నిండా ప్రోటీన్ తయారవుతుంది కాబట్టే చేప ఒళ్లంతా రంగు కనిపిస్తుంది.

రెండవ దశ: సూక్ష్మ ఇంజెక్షన్. అప్పుడే ఫలదీకరణ చెందిన అండంలోకి, అది ఒకే కణంగా ఉన్నప్పుడు, అతి సన్నని గాజు సూదితో ఈ డీఎన్ఏను పంపుతారు. కొన్ని అండాలలో మాత్రమే అది క్రోమోసోమ్‌లో కలిసిపోతుంది.

మూడవ దశ: ఎంపిక. ఇలా పుట్టిన చేపలలో కొన్ని కణాలలో కొత్త జన్యువు ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. బీజకణాలలోకి కూడా ఆ జన్యువు చేరిన చేపలను గుర్తించి, మామూలు చేపలతో జతకట్టించి, మెరిసే సంతానాన్ని ఏరుకుంటారు. అక్కడి నుంచి మళ్లీ ఇంజెక్షన్ అవసరం లేదు. దుకాణంలో ఉన్న చేప ఆ మొదటి చేపల వంశంలో మామూలుగా పుట్టిన పిల్లే.

ఇక్కడ మరో విషయం గమనించండి. కొన్ని దుకాణాలలో రంగు ఎక్కించిన గాజు చేపలు కూడా కనిపిస్తాయి. మన నదులలో దొరికే పారదర్శక చేపకు సూదితో చర్మం కింద రంగు ఎక్కిస్తారు. ఆ రంగు కొద్ది నెలల్లో వెలిసిపోతుంది, సంతానానికి రాదు, సూది పోటు వల్ల చేప జబ్బు పడే ప్రమాదం కూడా ఉంది. జన్యు పరివర్తిత చేప రంగు జీవితాంతం ఉంటుంది, పిల్లలకు వస్తుంది. రెండూ 'రంగు చేపలే' అయినా శాస్త్రపరంగా వాటి మధ్య పోలిక లేదు.

5. వారసత్వం: ఒక లెక్క

చొప్పించిన జన్యువు ఒకే స్థానంలో ఉందనుకుందాం. దాన్ని 'గ' అనీ, అది లేని స్థితిని 'o' బదులు 'సున్న' అనీ పిలుద్దాం. ఒక్క ప్రతి ఉన్నా చేప మెరుస్తుంది, అంటే ఈ లక్షణం బహిర్గతం.

(అ) మెరిసే విషమయుగ్మజ చేప (గ, సున్న) మామూలు చేపతో (సున్న, సున్న) జతకడితే పిల్లలలో సగం మెరుస్తాయి. 200 పిల్లలు పుడితే సుమారు 100 మెరిసేవి.

(ఆ) రెండు విషమయుగ్మజ చేపలు జతకడితే 3:1 నిష్పత్తి వస్తుంది. 200లో సుమారు 150 మెరిసేవి.

(ఇ) మెరిసే చేప సమయుగ్మజమైతే (గ, గ), మామూలు చేపతో జతకట్టినా పిల్లలన్నీ మెరుస్తాయి.

ఈ లెక్క పుస్తకానికే పరిమితం కాదు. మామూలు జీబ్రా చేపలు ఉన్న నీటిలో మెరిసే చేప పడితే (అ), (ఇ) లలో చెప్పినదే జరగవచ్చు. జతకట్టగల బంధువు లేని నీటిలో అది సాధ్యం కాదు. ఈ తేడాను మనసులో ఉంచుకుని తరువాతి భాగం చదవండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
(1) పూర్తి చీకటిలో గ్లోఫిష్ ఎందుకు మెరవదు?
(2) ప్రమోటర్ పని ఏమిటి?

6. ఒకే చేప, మూడు దేశాలు

6.1 అమెరికా

ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2003 డిసెంబరులో ఈ చేపను నియంత్రించాల్సిన కారణం లేదని ప్రకటించింది. ఇది తినే చేప కాదు. పైగా మామూలు జీబ్రా చేపలు అమెరికాలో ఎన్నో ఏళ్లుగా అమ్ముడవుతున్నాయి, వాటికంటే ఇవి పర్యావరణానికి ఎక్కువ హాని చేస్తాయనడానికి ఆధారం లేదన్నది ఆ సంస్థ వాదన. ఇది ఉష్ణప్రాంతపు చేప కాబట్టి అమెరికాలో చాలా చోట్ల చలికాలపు నీటిని తట్టుకోలేదు. అక్కడి నదులలో జతకట్టగల దగ్గరి బంధువు కూడా లేదు. అయినా కాలిఫోర్నియా రాష్ట్రం అప్పట్లో అమ్మకానికి ఒప్పుకోలేదు. హాని కంటే విలువల ప్రశ్న అక్కడ ముందుకు వచ్చింది. కేవలం అలంకారం కోసం ఒక ప్రాణి జన్యువులను మార్చవచ్చా అని కమిషన్‌లో చర్చ జరిగింది. 2015లో ఆ రాష్ట్రం కూడా అనుమతించింది.

మెరిసే చేప ప్రకృతిలో నిలుస్తుందా అన్న ప్రశ్నకు పర్డ్యూ విశ్వవిద్యాలయం 2015లో ఒక ఆసక్తికరమైన జవాబు ఇచ్చింది. మెరిసే చేపలను, మామూలు జీబ్రా చేపలను తొట్టెలలో కలిపి 15 తరాలపాటు గమనించారు. ఎంచుకునే అవకాశం ఇచ్చినప్పుడు ఆడచేపలు ఎర్రటి మగచేపల వైపే మొగ్గాయి. కానీ మామూలు మగచేపలు దూకుడుగా వాటిని తరిమి, ఆడచేపలను దక్కించుకున్నాయి. ఫలితంగా దాదాపు అన్ని తొట్టెలలోనూ మెరుపు జన్యువు కనుమరుగైంది.

ఈ ఫలితం చూసి ప్రమాదం లేదని తేల్చేయవచ్చా? తొందరపడకండి. పోటీకి మామూలు మగచేపలు ఉన్నప్పుడు వచ్చిన ఫలితం ఇది. ఆ పోటీ లేని చోట ఏమవుతుందో ఈ ప్రయోగం చెప్పదు.

6.2 బ్రెజిల్

బ్రెజిల్‌లో ఈ చేపల అమ్మకం నిషిద్ధం. అయినా ఆగ్నేయ ప్రాంతంలోని అలంకార చేపల పెంపక కేంద్రాలలో అవి పెరిగాయి. అక్కడి చెరువుల నుంచి తప్పించుకున్న ఎరుపు, పచ్చ జీబ్రా చేపలు అట్లాంటిక్ అడవి ప్రాంతపు వాగులలో కనిపించాయి. 2022లో వెలువడిన అధ్యయనం ప్రకారం అవి అక్కడ ఏడాది పొడవునా సంతానోత్పత్తి చేస్తున్నాయి. నీటి పురుగులను, నాచును, జంతుప్లవకాలను తింటున్నాయి.

మెరిసే చేపను వేటాడే జీవులు సులభంగా గుర్తిస్తాయి కాబట్టి అది బతకదని అప్పటిదాకా చాలామంది భావించారు. కానీ ఆ చిన్న వాగులలో వేటాడే పెద్ద చేపలు తక్కువ. నీరు వెచ్చన. మామూలు జీబ్రా చేపల పోటీ లేదు. అమెరికాలో అడ్డుగా నిలిచినవేవీ అక్కడ లేవు. జీవి అదే, నీరు వేరు, ఫలితం వేరు.

6.3 భారతదేశం

ఇక మన విషయానికి వద్దాం. మన నీరు వెచ్చన, జీబ్రా చేపకు ఇది సొంత ఇల్లు. అమెరికాలోనూ బ్రెజిల్‌లోనూ లేని మూడో అంశం ఇక్కడ ఉంది. అది వన్య జీబ్రా చేపల ఉనికి. 5వ భాగంలోని లెక్క ఇక్కడి వాగులలో నిజంగా వర్తిస్తుంది. వన్య మగచేపల పోటీలో మెరుపు జన్యువు ఓడిపోవచ్చు. అయితే మెరిసే చేపలను పదేపదే వదులుతూ ఉంటే ఆ జన్యువు పదేపదే వన్య సంతతిలోకి చేరుతూనే ఉంటుంది. ప్రపంచమంతా పరిశోధనకు వాడే ఒక జాతికి అసలు వన్య సంపద మన దగ్గరే ఉంది. దాన్ని కల్తీ కాకుండా చూసుకోవలసిన బాధ్యత కూడా మనదే.

అన్ని మెరిసే చేపలకూ ఈ వాదన వర్తించదు. గ్లోఫిష్ పేరుతో అమ్మే బ్లాక్ టెట్రా దక్షిణ అమెరికా చేప. దానికి మన వాగులలో జతకట్టే బంధువులు లేవు. దాని విషయంలో అడగవలసిన ప్రశ్న జన్యు ప్రవాహం గురించి కాదు, పరాయి జాతిగా ఇక్కడ స్థిరపడుతుందా అన్నదాని గురించి. ప్రతి జాతికీ ప్రశ్నను విడిగా వేసుకోవాలి.

అక్వేరియం చేప మన నీటిని ఆక్రమించగలదా అన్న సందేహం మీకు రావచ్చు. దానికి ఉదాహరణ ఇప్పటికే మన కళ్ల ముందుంది. తొట్టె గోడల నాచు తింటుందని కొనుక్కునే సక్కర్ చేప దక్షిణ అమెరికాది. దాని జన్యువులను ఎవరూ మార్చలేదు. అయినా పెరిగి పెద్దదయ్యాక ఎవరెవరో వదిలేయడం వల్ల తెలుగు రాష్ట్రాల చెరువులలో, నదులలో అది వ్యాపించింది. గట్టి పొలుసులు, ముళ్లతో వలలు చింపుతుంది. తినడానికి పనికిరాదని జాలర్లు దాన్ని గట్టున పారేస్తున్నారు. జన్యు మార్పు ఉన్నా లేకపోయినా, ఆక్రమణకు తలుపు తెరిచేది మనం నీటిలో వదిలే చేయే.

7. చట్టం, మన బాధ్యత

పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద కేంద్రం 1989లో జన్యు పరివర్తిత జీవులకు సంబంధించిన నియమాలను ప్రకటించింది. వాటి ప్రకారం జన్యు ఇంజనీరింగ్ మదింపు కమిటీ అనుమతి లేకుండా అటువంటి జీవులను దిగుమతి చేసుకోకూడదు, వాడకూడదు, అమ్మకూడదు. ఈ నియమాలు పంటలకు మాత్రమే కాదు, అలంకార చేపలకూ వర్తిస్తాయి. ఐరోపా సంఘంలోనూ ఈ చేపల అమ్మకానికి అనుమతి లేదు. అయినా 2006లో నెదర్లాండ్స్ అధికారులు అక్వేరియం దుకాణాలలో సుమారు 1,400 మెరిసే చేపలను గుర్తించారు. నిషేధం ఉన్నంత మాత్రాన చేప రాకుండా ఆగదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంట్లో అక్వేరియం ఉన్నవారు, లేదా పెట్టుకోదలచినవారు ఈ జాగ్రత్తలు పాటించాలి:

- నీలి దీపం కింద అసహజంగా మెరిసే చేపను కొనేముందు అది ఏ జాతిదో, ఎక్కడి నుంచి వచ్చిందో, దానికి అనుమతి ఉందో లేదో అడగండి. సరైన జవాబు రాకపోతే కొనకండి.
- వద్దనుకున్న చేపను చెరువులో, కాలువలో, గుడి కోనేటిలో వదలకండి. ప్రాణం కాపాడుతున్నామన్న మంచి మనసుతోనే చాలామంది ఈ పని చేస్తారు. కానీ ఒక చేపను కాపాడబోయి ఆ నీటిలోని ఎన్నో చేపలకు ముప్పు తెచ్చినట్లవుతుంది. దుకాణానికి తిరిగి ఇవ్వండి లేదా పెంచగలిగిన మరొకరికి అప్పగించండి. అనుమతి లేని చేప అని అనుమానముంటే చేతులు మార్చకుండా మత్స్యశాఖ కార్యాలయానికి తెలియజేయండి.
- తొట్టె నీటిలో కంటికి సరిగా ఆనని గుడ్లు ఉండవచ్చు. ఆ నీటిని మురుగు కాలువలోకి కాక మొక్కల మట్టిలో పోయండి.
- చనిపోయిన చేపను నీటిలో పారవేయక పాతిపెట్టండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
(3) పర్డ్యూ ప్రయోగ ఫలితాన్ని బ్రెజిల్ వాగులకు ఎందుకు వర్తింపజేయలేం?
(4) మన దేశంలో మెరిసే జీబ్రా చేప, మెరిసే టెట్రా కలిగించే ప్రమాదాలలో తేడా ఏమిటి?

8. సారాంశం

మెరిసే అక్వేరియం చేపలో ఉన్నది జెల్లీ చేప లేదా పగడపు బంధువుల నుంచి తెచ్చిన ప్రతిదీప్తి ప్రోటీన్ జన్యువు. అది కాంతిని పుట్టించదు, పడిన కాంతిని మార్చి వెలువరిస్తుంది. ఆ జన్యువు మెండెల్ సూత్రాల ప్రకారం సంతానానికి సంక్రమిస్తుంది. చేప వల్ల కలిగే ప్రమాదాన్ని దాని మెరుపును చూసి అంచనా వేయలేం. నీటి ఉష్ణోగ్రత, వేటాడే జీవులు, పోటీదారులు, జతకట్టగల బంధువులు అనే నాలుగు అంశాలను కలిపి చూడాలి. అమెరికాలో తక్కువ ప్రమాదమని తేల్చిన చేప బ్రెజిల్ వాగులలో స్థిరపడింది. భారతదేశంలో వన్య జీబ్రా చేపలు ఉన్నందున మరొక దేశపు తీర్పును మనం యథాతథంగా తీసుకోలేం.

9. ముఖ్య పదాలు

ప్రతిదీప్తి: పడిన కాంతిని గ్రహించి ఎక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతిగా వెలువరించడం.
జీవసందీప్తి: జీవి తన శరీరంలోని రసాయన చర్య ద్వారా కాంతిని ఉత్పత్తి చేయడం.
ప్రమోటర్: జన్యువు ఎక్కడ, ఎంత పనిచేయాలో నిర్ణయించే డీఎన్ఏ భాగం.
జన్యు ప్రవాహం: ఒక జనాభా నుంచి మరొక జనాభాలోకి సంపర్కం ద్వారా జన్యువులు చేరడం.

10. మీ ప్రగతిని పరీక్షించుకోండి - జవాబులు

(1) దానిలో కాంతిని పుట్టించే ఎక్వోరిన్ లేదు. ప్రతిదీప్తికి బయటి కాంతి అవసరం.
(2) జన్యువు ఏ కణాలలో, ఎంత మోతాదులో పనిచేయాలో నిర్ణయిస్తుంది.
(3) ప్రయోగంలో మామూలు మగచేపల పోటీ ఉంది. బ్రెజిల్ వాగులలో ఆ పోటీ లేదు.
(4) జీబ్రా చేప వన్య బంధువులతో జతకట్టి జన్యువును వ్యాపింపజేయవచ్చు. టెట్రాకు ఇక్కడ బంధువులు లేవు. అది పరాయి జాతిగా స్థిరపడే అవకాశాన్ని మాత్రమే పరిశీలించాలి.

11. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 10 వాక్యాలలో జవాబులు రాయండి.
(1) ప్రతిదీప్తికీ జీవసందీప్తికీ గల తేడాలను ఉదాహరణలతో తెలపండి.
(2) రంగు ఎక్కించిన చేపకూ జన్యు పరివర్తిత చేపకూ గల భేదాలను రాయండి.

II. ఈ కింది ప్రశ్నలకు 30 వాక్యాలలో జవాబులు రాయండి.
(1) మెరిసే జీబ్రా చేపను తయారుచేసే దశలను వివరించండి.
(2) "జన్యు పరివర్తిత జీవి ప్రమాదం అది చేరే చోటును బట్టి ఉంటుంది." అమెరికా, బ్రెజిల్, భారతదేశాల ఉదాహరణలతో చర్చించండి. మీ ఊరి చెరువులోగానీ కాలువలోగానీ అక్వేరియం చేపలు కనిపిస్తున్నాయేమో జాలర్లను అడిగి, తెలుసుకున్న విషయాలను మీ జవాబులో చేర్చండి.